మినీ మిల్లులో కొల్లెట్ ఇరుక్కుపోయింది, డ్రాబార్ విప్పినా కిందికి రావడం లేదు

కొత్తమిల్లు (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. నాలుగు నెలల కిందట బల్ల మీద పెట్టుకునే చిన్న మిల్లింగ్ మిషను కొన్నాను. స్పిండిల్ (కట్టరుని తిప్పే ఇరుసు) కన్నం మోర్స్ టేపర్ 3, అంటే లోపలికి పోయేకొద్దీ సన్నబడే రకం. కొల్లెట్‌ని పైనుంచి లాగి పట్టే పొడవాటి బోల్టు, అదే డ్రాబార్, 12 మి.మీ. మర. చిన్న ఆవిరి ఇంజను మోడల్ చేస్తున్నాను. సిలిండర్ దిమ్మకి పోర్టులు (ఆవిరి దారులు) కోసే దాకా వచ్చింది పని.

మొన్న ఆదివారం 10 మి.మీ. కొల్లెట్‌లో (కట్టరు కాడని చుట్టూ నొక్కి పట్టే చీలికల గొట్టం) ఎండ్ మిల్ కట్టరు బిగించి కోత పెడితే, కట్టరు మెల్లగా కిందికి జారుతూ వచ్చింది. 0.5 మి.మీ. లోతు పెట్టిన గాడి అవతలి కొసకి చేరేసరికి 1.3 అయింది. జారుతోంది కదా అని స్పానర్‌కి అడుగున్నర పైపు తొడిగి డ్రాబార్‌ని బాగా లాగి బిగించాను. జారడం ఆగింది. పని చేసుకుని రాత్రి అలాగే వదిలేశాను.

పొద్దున్నుంచి కొల్లెట్ రాదు. డ్రాబార్ చక్కగా వదులవుతోంది, పైకి లేస్తోంది. కొల్లెట్ మాత్రం కదలడం లేదు. రబ్బరు సుత్తితో పైనుంచి ఇరవై దెబ్బలు వేశాను. ఇంకా గట్టిగా కొడితే బేరింగులు పోతాయేమోనని భయం. ఏం చెయ్యమంటారు?

ఆటోనగర్_మిషనిస్టు (విజయవాడ)

ముందు కొట్టడం ఆపండి. డ్రాబార్ ఎన్ని చుట్లు విప్పి కొట్టారో చెప్పండి.

కొత్తమిల్లు

ఆరేడు చుట్లు ఉంటుందండీ. వదులుగా ఉంటే తేలిగ్గా వస్తుందనుకున్నాను.

ఆటోనగర్_మిషనిస్టు

అక్కడే పొరపాటు. అన్ని చుట్లు విప్పితే లోపల మూడు నాలుగు మరలే పట్టుకుని ఉంటాయి. దెబ్బంతా ఆ మూడు మరల మీద పడుతుంది. మర చితికితే డ్రాబార్ పైకీ రాదు, కిందికీ పోదు. అప్పుడు నిజమైన కష్టం మొదలవుతుంది. రబ్బరు సుత్తి మీ అదృష్టం, లేకపోతే ఈపాటికే చితికేది.

డ్రాబార్‌ని మళ్ళీ చేత్తో చివరి దాకా తిప్పి, అక్కణ్ణుంచి ఒక్క చుట్టు వెనక్కి తీయండి. 12 మి.మీ. మర అడుగు (పిచ్, ఒక్క చుట్టుకి కదిలే దూరం) 1.75 మి.మీ., కాబట్టి తలకీ స్పిండిల్‌కీ మధ్య ఆ మేరకు సందు వస్తుంది. కొల్లెట్ వదలడానికి ఆ సందు చాలు. మరలన్నీ పట్టుమీదే ఉంటాయి. రబ్బరు సుత్తితో లాభం లేదు, అది దెబ్బని మింగేస్తుంది. కావలసింది నెట్టుడు కాదు, అదురు. మూడు నాలుగు వందల గ్రాముల ఇత్తడి సుత్తి తీసుకుని, మణికట్టుతో ఠంగుమని ఒక్కటి వెయ్యాలి. 31 ఏళ్ళుగా ఇదే పని, ఇలా రానిది అరుదు.

నిశ్శబ్ద_స్పిండిల్ (బెంగళూరు)

అన్నగారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే ఒక మాట. మీ షాపులో ఉండే మిషన్లకి బరువైన టేపర్ రోలర్ బేరింగులు. ఈ చిన్న మిషన్లలో చాలావాటికి మామూలు బాల్ బేరింగులే వేస్తారు. నిలువుగా గట్టి దెబ్బ పడితే బాల్స్ తాము తిరిగే గాడిలో, అంటే రేసులో, గుంటలు పెడతాయి. నాకు జరిగింది కాబట్టి చెప్తున్నా. ఏడాదిపాటు సుత్తితోనే తీశాను. ఓ రోజు స్పిండిల్‌ని చేత్తో మెల్లగా తిప్పితే టిక్ టిక్ మని మెట్లు తగిలినట్టు తెలిసింది. కోసిన ముఖం మీద సన్నటి అలలు వచ్చేవి. చివరికి బేరింగులు మార్చుకున్నాను. తమ్ముడికి మొదటి నెలల్లోనే ఆ అలవాటు వద్దు.

బాలానగర్_టూల్‌రూమ్ (హైదరాబాద్)

రాత్రంత అట్లనే వదిలేసినవ్ గద తమ్మీ, అది గూడ ఒక కారణమే. పని జేస్తున్నప్పుడు స్పిండిల్ వేడెక్కి కొంచెం పెద్దగైతది. అప్పుడు సల్లటి కొల్లెట్ ఏసి బిగించినవనుకో, కొంచెం ఎక్కువ లోపలికి పోతది. మిషన్ ఆపినంక స్పిండిల్ సల్లారి ముడుసుకుంటది, కొల్లెట్‌ను ఒత్తి పట్టుకుంటది. మోర్స్ టేపర్‌కు ఈ గుణం ఎక్కువ. మా దగ్గర పొద్దుమూకినంక డ్రాబార్ వదులు జేసి, టేపర్ ఇడిపించి పోవుడు అలవాటు. ఎంత లేటైనా అది తప్పది.

ఫిట్టర్_ట్రేడ్ (ఏలూరు)

నేను ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ పాఠాలు చెప్తాను. ఇద్దరి మాటలూ నిజమే, రెంటికీ సరిపడే దారి ఒకటుంది. దెబ్బ కొట్టండి, అయితే అది బేరింగు గుండా పోకుండా చూడండి.

ఒక మందపాటి ఇనుప పైపు ముక్క తీసుకోండి. లోపలి వ్యాసం కొల్లెట్ ముక్కు కన్నా పెద్దదిగా ఉండాలి, అంచు స్పిండిల్ ముక్కు చుట్టూ ఉన్న చదును ముఖానికి ఆనాలి. రెండు కొసలూ లేత్ మీద సమంగా ఫేసింగ్ చేయించండి. టేబుల్ మీద ఒక అల్యూమినియం పలక, దాని మీద ఈ పైపు నిలబెట్టి, హెడ్ దించి స్పిండిల్ ముక్కుని దాని మీద మెల్లగా ఆనించండి. ఆని ఉంటే చాలు, అదమక్కర్లేదు. ఇప్పుడు డ్రాబార్ మీద పడే దెబ్బ కొల్లెట్‌కి, అక్కడి నుంచి స్పిండిల్ ముక్కుకి, పైపులోంచి టేబుల్‌కి పోతుంది. బాల్స్ దారిలో ఉండవు.

పైపు లోపల గుడ్డ కుక్కి ఉంచండి. కట్టరు ఒక్కసారిగా ఊడి పడితే పలకకి తగిలి పళ్ళు విరుగుతాయి. ప్లగ్గు పీకేసి చెయ్యండి.

ఇంతగా ఎందుకు ఇరుక్కుంటుందో కూడా చెప్తాను, మా పిల్లలకి చెప్పినట్టే. మోర్స్ టేపర్ 3 దాదాపు 20కి 1 వాలు, 20 మి.మీ. నిడివికి వ్యాసం 1 మి.మీ. తగ్గుతుంది. అంటే అక్షానికి ఒక్కో పక్క కోణం డిగ్రీన్నర కూడా లేదు. ఉక్కు మీద ఉక్కు రాపిడికి జారకుండా నిలిచే కోణం ఎనిమిది డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. వాలు అంతకన్నా బాగా తక్కువ కాబట్టి, డ్రాబార్ తీసేసినా తనంతట తాను వదలదు. పెద్ద మిల్లింగ్ మిషన్లకి ఉండే 24కి 7 వాలు దీనికి వ్యతిరేకం. అక్కడ ఒక్కో పక్క ఎనిమిది డిగ్రీలు దాటుతుంది. డ్రాబార్ పట్టుంటేనే నిలుస్తుంది, వదిలితే తేలిగ్గా ఊడుతుంది.

ఇంకో ప్రశ్న. కొల్లెట్ ముక్కు ఇప్పుడు స్పిండిల్ బయటికి ఎంత కనిపిస్తోంది? మామూలుగా ఎంత ఉంటుంది?

కొత్తమిల్లు

మేడమ్, మామూలుగా ఏడెనిమిది మి.మీ. బయటికి ఉంటుంది. మీరు అడిగాక చూశాను, ఇప్పుడు అసలు బయటికి లేదు. ముఖం లోపలికి పోయి ఉంది.

ఫిట్టర్_ట్రేడ్

అయితే కట్టరు కాడ (కొల్లెట్‌లో దూరే భాగం) 10 మి.మీ. కాదు. బయటికి వచ్చిన వెంటనే వెర్నియర్‌తో కొలవండి.

డాలస్_గ్యారేజీ (టెక్సాస్)

మేడమ్ పట్టేశారు! నేనూ అదే అడగబోతున్నాను. ఆ కట్టర్లు ఎక్కడివి, పాత సామాను లాటులో కొన్నవా? ఇక్కడ మా దగ్గర తలకిందులు సమస్య. నాది 1965 నాటి బ్రిడ్జ్‌పోర్ట్ మిల్లు, ఆర్8 అనే వేరే రకం టేపర్ ఉన్న స్పిండిల్. కొల్లెట్లన్నీ అంగుళాల్లో. ఇండియా నుంచి తెచ్చుకున్న 12 మి.మీ. కట్టరుని అరంగుళం కొల్లెట్‌లో వేస్తే పట్టదు. అరంగుళం అంటే 12.7. ఈ రకం కొల్లెట్లు రాసి ఉన్న కొలతకే చేసినవి, వాటికి తగ్గే గుణం పెద్దగా ఉండదు.

కొత్తమిల్లు

వచ్చేసింది!

పైపు దొరకడానికి రెండు రోజులు పట్టింది. మా వీధి చివర లేత్ షాపులో పాత హైడ్రాలిక్ సిలిండర్ ముక్క ఇచ్చారు, రెండు కొసలూ ఫేసింగ్ చేసి. ఇత్తడి సుత్తి లేక, ఇత్తడి రాడ్డు ముక్కని డ్రాబార్ తల మీద నిలబెట్టి మామూలు సుత్తితో కొట్టాను. మొదటి రెండు దెబ్బలకీ ఏమీ లేదు. మూడోదానికి శబ్దం మారింది. అంతదాకా బండ శబ్దం, అప్పుడు పలచగా మోగింది. వెంటనే డ్రాబార్ తల కిందికి దిగి స్పిండిల్ మీద కూర్చుంది.

కట్టరు కాడ కొలిచాను. 9.52 మి.మీ. అంటే అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు. వెర్నియర్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అవును, సెకండ్‌హ్యాండ్ లాటులో వచ్చినదే. పది కట్టర్లలో నాలుగు ఇలాంటివే ఉన్నాయి.

ఫిట్టర్_ట్రేడ్

లెక్క సరిపోయింది చూడండి. 10 నుంచి 9.52 అంటే కొల్లెట్ వ్యాసం 0.48 మి.మీ. దగ్గర పడాలి. 20కి 1 వాలులో అంత తగ్గాలంటే కొల్లెట్ 9.6 మి.మీ. పైకి పోవాలి. అందుకే ఏడెనిమిది మి.మీ. బయటికి ఉన్న ముక్కు లోపలికి మాయమైంది. మీరు కట్టరుని బిగించడం లేదు, కొల్లెట్‌ని నలుపుతున్నారు. అలా నలిగిన కొల్లెట్ కాడని నిడివంతా పట్టదు, ఒక కొసన మాత్రం పడుతుంది. కట్టరు జారింది అందుకే.

ఆ కొల్లెట్‌ని ఇంక వాడొద్దు. సరిగ్గా 10 మి.మీ. ఉన్న కాడ వేసి చూసినా, చీలికల దగ్గర స్ప్రింగు గుణం పోయి ఉంటుంది.

ఆటోనగర్_మిషనిస్టు

మేడమ్‌కి నమస్కారం. బిగువు గురించే ఆలోచించాను గానీ కాడ కొలత అడగాలని నాకు తట్టలేదు.

తమ్ముడూ, డ్రాబార్‌ని కూడా పరీక్షించుకోండి. అడుగున్నర పైపు మీద 30 కిలోల బరువుతో లాగారనుకుంటే 130 న్యూటన్ మీటర్లు దాటుతుంది. మామూలు 8.8 రకం 12 మి.మీ. బోల్టుకి 80 ప్రాంతంలోనే ఆపుతారు. కొత్త నట్టు ఒకటి తెచ్చి మర మీద చేత్తో నడిపించండి. ఒకచోట బిగిసి ఆగితే అక్కడ మర సాగింది, డ్రాబార్ మార్చాలి.

కొత్తమిల్లు

నడిపించాను. కొస నుంచి ఆరో ఏడో చుట్టు దగ్గర బిగుస్తోంది. మార్చేస్తాను.

అయితే అసలు ఎంత బిగించాలి? ఎవరిని అడిగినా "చేతికి తెలుస్తుంది" అంటున్నారు, నా చేతికి ఇంకా తెలియదు.

ఫిట్టర్_ట్రేడ్

న్యాయమైన ప్రశ్న. పావు మీటరు స్పానర్ కొసని పది కిలోల బలంతో లాగితే సుమారు 25 న్యూటన్ మీటర్లు. 12 మి.మీ. మర మీద అది దాదాపు ఒక టన్ను లాగుడు అవుతుంది. మీ మిషనులో 10, 12 మి.మీ. కట్టర్లకి ఇది సరిపోతుంది. పది కిలోలు ఎంతో తెలియాలంటే సామాను తూచే స్ప్రింగు కాటాని స్పానర్ కొసకి తగిలించి లాగి చూడండి. మా పిల్లల చేత మొదటివారం ఇదే చేయిస్తాను. నాలుగుసార్లు చేస్తే చేతికి తెలుస్తుంది.

ఆ టన్ను పట్టు నిజంగా టేపర్‌కి చేరాలంటే డ్రాబార్ మరకీ, తల కింద వాషరుకీ చుక్క నూనె వెయ్యండి. పొడిగా ఉంటే సగం బలం వాషరు దగ్గరే రాపిడికి పోతుంది. టేపర్ మీద, కొల్లెట్ లోపల, కాడ మీద మాత్రం నూనె అస్సలు ఉండకూడదు. కొత్త కట్టర్లకి తుప్పు పట్టకుండా నూనె పూసి వస్తుంది, అది తుడవకుండా వేసేస్తారు చాలామంది.

బాలానగర్_టూల్‌రూమ్

తుడుసుడు గురించి నేను జెప్త. పెట్రోల్ తడిపిన బట్ట కొల్లెట్ లోపలికెల్లి ఒకసారి, స్పిండిల్ లోపల ఒకసారి. తర్వాత పొడి బట్ట. కాటన్ వేస్ట్ వద్దు, పోగులు అతుక్కుంటయి. ఆఖరికి వేలు పెట్టి చూడు, మిషన్ ఆపినంకనే. కంటికి కనపడని చిప్ కూడ వేలుకు తగులుతది. కొల్లెట్ చీలికల్ల ఇరుక్కున్న చిప్‌ను పళ్ళు తోముకునే పాత బ్రష్‌తోని తీయాలె.

ఒక పిల్లగాడు మా దగ్గర రెండు గంటలు రనౌట్ తోని, అంటే తిరిగేటప్పుడు వచ్చే ఊగుడు తోని, కొట్లాడిండు. డయల్ గేజి పెడితే 0.08 జూపెడ్తుంది. బేరింగ్ అన్నడు, కొల్లెట్ వంకర అన్నడు. చూస్తే కొల్లెట్ పక్కన అల్యూమినియం చిప్ ఒకటి, వెంట్రుక అంత. అది తీసినంక 0.015కు వచ్చింది.

కాడ మీద గీతలు, బర్రు (లేచిన పదును అంచు) ఉంటే నూనె రాయి మీద ఒకసారి రుద్దుకో. స్క్రూ గుచ్చి పట్టే హోల్డర్ల వాడిన కట్టర్లకు చదును దగ్గర బర్రు లేస్తది.

గాడి_గీత (నిజామాబాద్)

మధ్యలో వస్తున్నా. ఇన్ని బాధలు ఎందుకు, ఈఆర్ కొల్లెట్ చక్ (ఈఆర్ రకం కొల్లెట్లని నట్టుతో బిగించే హోల్డరు) ఒకటి కొనుక్కుంటే పోదా? మోర్స్ 3 కాడతో ఈఆర్ 32 చక్ దొరుకుతుంది. ఒకసారి డ్రాబార్‌తో ఎక్కించి వదిలేస్తే, కట్టర్లు కింద నట్టుతోనే మార్చుకోవచ్చు. సుత్తి ముట్టనక్కర్లేదు. పైగా ఒక్కో కొల్లెట్ దాదాపు 1 మి.మీ. దాకా తగ్గుతుంది, 9.52 కాడ 10 మి.మీ. కొల్లెట్‌లో నిజంగానే పడుతుంది.

నిశ్శబ్ద_స్పిండిల్

బేరింగులు మార్చాక నేనూ దానికే మారాను. రెండు నష్టాలు తెలిసి కొనుక్కోవాలి. చక్ నిడివి వల్ల స్పిండిల్ కింద ఎత్తు బాగా తగ్గుతుంది, చిన్న మిషనులో వైసు మీద ఎత్తైన జాబు పెడితే చోటు చాలదు. రెండోది, కట్టరు ముక్కు బేరింగు నుంచి దూరం జరుగుతుంది కాబట్టి వణుకు కొంచెం పెరుగుతుంది. అయినా నాకు నచ్చింది.

ఆటోనగర్_మిషనిస్టు

ఈఆర్ కొనేవాళ్ళందరూ చేసే తప్పు ఒకటుంది, ముందే చెప్తాను. కొల్లెట్‌ని చక్‌లో పెట్టి పైన నట్టు బిగిస్తారు. అలా కాదు. ముందు నట్టు చేతిలోకి తీసుకుని చూడండి. లోపల ఒక రింగు ఉంటుంది, నడిమికి కాకుండా ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. కొల్లెట్ మెడ దగ్గర గాడి ఉంది కదా, దాన్ని ఏటవాలుగా ఆ రింగులో ఒక పక్క తగిలించి, అవతలి పక్క బొటనవేలితో నొక్కాలి. టక్కుమని పడుతుంది. అప్పుడు నట్టూ కొల్లెటూ ఒకటై ఉంటాయి. కట్టరు దూర్చి, మొత్తం కలిపి చక్‌కి ఎక్కించాలి.

విప్పేటప్పుడు ఆ రింగే కొల్లెట్‌ని బయటికి లాగుతుంది. మొదట నట్టు వదులవుతుంది, చేత్తో తిరుగుతుంది, మళ్ళీ ఒకచోట బిగుస్తుంది. మర పాడైందని భయపడొద్దు. కొల్లెట్‌ని ఊడబెరికే చోటు అదే. స్పానర్‌తో ఇంకొంచెం తిప్పితే వదిలేస్తుంది. రింగులో పడకుండా బిగించినవాళ్ళకి నట్టు ఊడి వస్తుంది, కొల్లెట్ లోపలే ఉండిపోతుంది. రింగు కూడా విరుగుతుంది.

కట్టరు లేకుండా ఖాళీ కొల్లెట్‌ని బిగించొద్దు, ముడుచుకుపోతుంది. కాడ కొల్లెట్ నిడివిలో కనీసం మూడింట రెండు వంతులు లోపల ఉండాలి.

గాడి_గీత

బిగువు ఎంత అన్నా? తయారీదారుల పట్టికలో ఈఆర్ 32కి 136 న్యూటన్ మీటర్లు అని చూసి బెదిరిపోయాను.

ఆటోనగర్_మిషనిస్టు

అది ఫ్యాక్టరీ కోతలకి, పెద్ద కట్టర్లకి. ఈ చిన్న మిషన్ల మీద నేను 50 దగ్గర ఆపుతాను, పావు మీటరు స్పానర్ మీద 20 కిలోలు. అయితే ఆ బలానికి స్పిండిల్ తిరగకుండా పట్టే లాక్ పిన్నుని వాడొద్దు, వంగుతుంది. చక్ ఒంటి మీద చదును పక్కలుంటాయి. దానికో స్పానర్, నట్టుకో స్పానర్, రెండూ ఒకే గుప్పిట్లో పట్టి దగ్గరికి నొక్కండి. స్పిండిల్‌కి ఏమీ తెలియదు.

డాలస్_గ్యారేజీ

లాక్ పిన్ను మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. పిన్ను తీయకుండా స్విచ్చి వేస్తే, ప్లాస్టిక్ గేర్లున్న మిషన్లలో పళ్ళు పోతాయి. నా మొదటి చిన్న మిషనులో అలాగే పోయాయి.

అంతకన్నా భయపడాల్సింది డ్రాబార్ తల మీద వదిలేసిన స్పానర్. మా తమ్ముడు గ్యారేజీలో నా పక్కన నిలబడి మాట్లాడుతున్నాడు. నేను బిగించి, మాటల్లో పడి స్పానర్ తీయకుండా స్విచ్చి నొక్కాను. స్పానర్ ఎగిరి వాడి చెవి పక్క నుంచి పోయి గోడలో దిగింది. ఆ గుంట పూడ్చలేదు, అలాగే ఉంచాను. ఆ రోజు నుంచి స్పానర్‌కి లోపల స్ప్రింగు పెట్టాను, చెయ్యి వదిలితే తల మీద నిలవదు, పైకి లేచి ఊడిపోతుంది. అందరూ దయచేసి ఇది చేసుకోండి.

కొత్తమిల్లు

అన్నా, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. స్ప్రింగు స్పానర్ ఈ రాత్రికే చేసుకుంటాను.

ఈఆర్ చక్‌కి డబ్బులు కూడబెట్టే దాకా మోర్స్ కొల్లెట్లతోనే నడపాలి. సుత్తి లేకుండా తీసే డ్రాబార్ ఒకటి ఉంటుందని చదివాను. దాని సంగతి ఎవరికైనా తెలుసా?

నిశ్శబ్ద_స్పిండిల్

తెలుసు, నేను ఒకటి చేసుకున్నాను. డ్రాబార్ తల కింద మందపాటి కాలర్ ఉంటుంది. స్పిండిల్ పైకొస మీద ఆ కాలర్‌ని కప్పేస్తూ ఒక టోపీ బిగించాలి. టోపీ నడిమి కన్నంలోంచి డ్రాబార్ తల మాత్రం పైకి వస్తుంది. డ్రాబార్ విప్పుతుంటే అది పైకి లేస్తుంది, కాలర్ టోపీకి తగిలి ఆగుతుంది. ఇంకా విప్పితే డ్రాబార్ పైకి పోలేదు కాబట్టి కొల్లెట్ కిందికి దిగాలి. బిగించినప్పుడు ఎంత లాగుడు వచ్చిందో ఇంచుమించు అంత తోపుడు వస్తుంది. దెబ్బ ఉండదు. లాగుడూ తోపుడూ రెండూ స్పిండిల్ లోపలే తేలిపోతాయి, బేరింగుల దాకా పోవు.

ఇక్కడ ఒక జాగ్రత్త. టోపీని స్పిండిల్‌కే బిగించాలి. కొందరు తేలిక అని హెడ్ పైకప్పుకి పలక బిగిస్తారు. అప్పుడు తోపుడంతా బేరింగుల గుండానే పోతుంది, సుత్తి మానేసి ప్రయోజనం ఉండదు.

నేను పడ్డ ఇబ్బంది ఇంకోటి. టోపీని స్పిండిల్ పైకొస మరకే బిగించాను. డ్రాబార్ విప్పినప్పుడల్లా కాలర్ రాపిడికి టోపీ కూడా దాంతోపాటే విప్పుకునేది. పక్క నుంచి ఇత్తడి ముక్క అడ్డుపెట్టి తల లేని గ్రబ్ స్క్రూ వేశాక ఆగింది. కాలర్‌కీ టోపీకీ మధ్య నైలాన్ వాషర్లు వద్దు, నలిగిపోతాయి. కంచు వాషర్, కొంచెం గ్రీజు.

ఫిట్టర్_ట్రేడ్

కాలర్ పైన సందు ఎంత ఉంచారు?

నిశ్శబ్ద_స్పిండిల్

2 మి.మీ., మేడమ్. ఒక చుట్టు పైచిలుకు ఖాళీగా తిరిగాక పట్టుకుంటుంది.

కొత్తమిల్లు

మూడు వారాల తర్వాత వచ్చాను. కొత్త డ్రాబార్, కొత్త 10 మి.మీ. కొల్లెట్, స్ప్రింగు కాటాతో చూసిన పది కిలోల లాగుడు. అంగుళాల కట్టర్లు నాలుగింటికీ ఎర్ర రంగు పూసి వేరే డబ్బాలో పెట్టాను. నిన్న సిలిండర్ దిమ్మకి కొత్త ముక్క మీద పోర్టులు కోశాను. 0.5 లోతు పెడితే మొదట్లో 0.50, అవతలి కొసన 0.51.

టోపీకి గీత గీశాను. స్పిండిల్ పైకొస మర ఏ అడుగుదో తెలియడం లేదు, పిచ్ గేజి 1.5కీ 1.75కీ మధ్య ఊగుతోంది. ఎలా తేల్చుకోవాలి?

బాలానగర్_టూల్‌రూమ్

ఒక్క మర మీద చూడకు తమ్మీ. పది మరలు లెక్కవెట్టి వెర్నియర్‌తోని కొలువు. 15 వస్తె 1.5, 17.5 వస్తె 1.75. నడిమిట్ల, 15.9 దగ్గర వస్తె అది అంగుళం మర, అంగుళానికి 16. అట్లయితే నాకు చెప్పు, లోపలి మర కోసే టాప్ నా దగ్గరుంది, పంపిస్త.